సూటబుల్ అని వచ్చింది... మరి నా రెండేళ్లు ఏమయ్యాయి?

2024 మార్చిలో ఒక రాత్రి హైదరాబాద్ నుంచి మా కాలేజీ జూనియర్ ఫోన్ చేశాడు. "అన్నా, ఏసీఎస్ లెటర్ వచ్చింది. సూటబుల్ అనే ఇచ్చారు. కానీ రెండేళ్లు కట్ చేశారన్నా. మొదటి కంపెనీలో నేను చేసింది పని కాదా?" అన్నాడు. గొంతులో సంతోషం కన్నా బాధే ఎక్కువ వినిపించింది.

ఆస్ట్రేలియా పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే వీసాకి, పెట్టుకునే మన ఐటీ వాళ్లలో చాలామంది ఈ లెటర్ చేతికి రాగానే ఇదే ప్రశ్న అడుగుతారు. రెండే పేజీల లెటర్ అది. అందులో ఒక్క మాట తప్పుగా అర్థం చేసుకున్నా వీసా తిరస్కరణ దాకా వెళ్లవచ్చు. అందుకే దీన్ని తీరిగ్గా విప్పి చెప్పాలనిపించింది.

ఏసీఎస్ అంటే ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ. ఐటీ ఉద్యోగాలకు సంబంధించి స్కిల్ అసెస్‌మెంట్ చేసే అధికారం ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ సంస్థకు ఇచ్చింది. వీసా ఇచ్చేది మాత్రం హోం అఫైర్స్ శాఖ. ఈ రెండూ వేరని మొదట గుర్తు పెట్టుకోవాలి. ఏసీఎస్ ఇచ్చేది అభిప్రాయం. చదువు, అనుభవం, ఇంగ్లీష్ లాంటి వాటికి పాయింట్లు లెక్కగట్టి అవునో కాదో తేల్చేది హోం అఫైర్స్ అధికారి. ఆ అధికారి లెక్క మొదలుపెట్టేది మాత్రం ఏసీఎస్ లెటర్‌లో ఉన్న తేదీ నుంచే.

లెటర్‌లో నాలుగు సంగతులు ఉంటాయి. మొదటిది, మీరు ఎంచుకున్న వృత్తికి మీ నైపుణ్యం సూటబుల్ అన్న మాటా, దాని పక్కన ఆంజ్‌స్కో అనే వృత్తుల జాబితాలో దానికున్న ఆరంకెల కోడూ. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కి 261313, డెవలపర్ ప్రోగ్రామర్‌కి 261312, ఐసీటీ బిజినెస్ అనలిస్ట్‌కి 261111, ఇలా. రెండోది మీ డిగ్రీ ఆస్ట్రేలియాలో దేనికి సమానమో చెప్పే వాక్యం. ఏక్యూఎఫ్ (ఆస్ట్రేలియా చదువుల స్థాయిల పట్టిక) బ్యాచిలర్ డిగ్రీకి సమానం, మేజర్ ఇన్ కంప్యూటింగ్ (ప్రధాన విషయం కంప్యూటింగ్) అని ఉంటుంది. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఒక నెలా ఒక సంవత్సరమూ. ఫలానా నెల "ఆఫ్టర్" చేసిన ఉద్యోగాన్నే తగిన స్థాయి నైపుణ్యం ఉన్న పనిగా గుర్తిస్తున్నాం అని రాసి ఉంటుంది. నాలుగోది మీరు చూపించిన కంపెనీల జాబితా. ఒక్కో కంపెనీ పక్కన హోదా, తేదీలు, దేశం, ఎన్నేళ్లు ఎన్ని నెలలు అనేవి ఉంటాయి.

చాలామంది చూపు నేరుగా నాలుగోదాని మీదకి పోతుంది. అక్కడ తొమ్మిదేళ్లు కనిపిస్తే తొమ్మిదేళ్లూ తమవే అనుకుంటారు. లెటర్‌కి ప్రాణం మూడోదాంట్లో ఉంది.

రెండేళ్లు ఎక్కడికి పోయాయి

ఏసీఎస్ తనను తాను రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఈ మనిషి ఐటీ ప్రొఫెషనల్ అయ్యాడా? అయితే ఎప్పటి నుంచి? మొదటి ప్రశ్నకు భారతదేశపు డిగ్రీ ఒక్కటే సరిపోదు, దాని మీద కొంత అనుభవం కూడా కావాలి. కంప్యూటర్ సైన్స్ చదివి, దానికి దగ్గరి పనే చేస్తున్నవాళ్లకు గత పదేళ్లలో రెండేళ్ల అనుభవం కావాలి. లేదా కెరీర్ మొత్తంలో ఎప్పుడైనా సరే నాలుగేళ్లు ఉండాలి. ఈ రెండింట్లో ఏది ముందు పూర్తయితే దాన్నే తీసుకుంటారు. ఆ రోజుతో మీరు ప్రొఫెషనల్ స్థాయికి చేరినట్టు. పాయింట్లకు పనికొచ్చే అనుభవం ఆ తర్వాతి నెల నుంచి మొదలవుతుంది.

అంటే ఆ రెండేళ్లు ఎవరూ కాదనలేదు. డిగ్రీకి తోడుగా నిలబడి "సూటబుల్" అనే మాటను తెచ్చిపెట్టింది అవే. ఒకే నెలను అర్హతకు ఒకసారి, పాయింట్లకు ఇంకోసారి లెక్కపెట్టరు, అంతే. మా జూనియర్‌కి ఇదే చెప్పాను. "నీ మొదటి కంపెనీ లేకపోతే ఆ లెటర్‌లో సూటబుల్ అనే మాటే ఉండేది కాదు తమ్ముడూ" అన్నాక కాస్త కుదుటపడ్డాడు.

ఇది మన తెలుగువాళ్లకు ఇంకో రకంగా తగులుతుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో క్యాంపస్ సెలక్షన్స్ ఎలా జరుగుతాయో అందరికీ తెలిసిందే. ఏ బ్రాంచ్ చదివినా ఆఫర్ లెటర్ మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీదే. ఒకే కాలేజీ, ఒకే హాస్టల్ గది, నలుగురు స్నేహితులు అనుకుందాం. ఒకరు సీఎస్ఈ, ఒకరు ఈసీఈ, ఒకరు ఈఈఈ, ఒకరు మెకానికల్. నలుగురూ 2014 జూలైలో ఒకే కంపెనీలో చేరి, ఒకే రకం కోడ్ రాస్తూ, 2024 మార్చిలో ఒకే రోజు ఏసీఎస్‌కి పెట్టారనుకుందాం.

సీఎస్ఈ అబ్బాయికి రెండేళ్లు పోయి, లెటర్‌లో "ఆఫ్టర్ జూన్ 2016" అని వస్తుంది. 2016 జూలై నుంచి లెక్క, మార్చికి ఏడేళ్ల తొమ్మిది నెలలు. ఈసీఈ అబ్బాయి చదివిన సబ్జెక్టుల్లో కంప్యూటింగ్ మేజర్‌గా తేలింది కానీ ఎంచుకున్న వృత్తికి దగ్గరిది కాదన్నారు. అప్పుడు నాలుగేళ్లు పోతాయి. 2018 జూలై నుంచి లెక్క, ఐదేళ్ల తొమ్మిది నెలలు. ఈఈఈ వాడికి కంప్యూటింగ్ మైనర్, అంటే చదువులో చిన్న భాగమే, అన్నారు. ఐదేళ్లు పోయి, నాలుగేళ్ల తొమ్మిది నెలలు మిగిలాయి. మెకానికల్ వాడి డిగ్రీలో ఐటీ లేదు కాబట్టి ఆర్‌పీఎల్ దారిలో వెళ్లాలి. అంటే చదువుకు బదులు పనిలో నేర్చుకున్నది ప్రాజెక్ట్ రిపోర్టులు రాసి నిరూపించడం. దానికి మొత్తం ఎనిమిదేళ్లు కావాలి. అందులో ఆరేళ్లు ఐటీలో ఏ పనైనా పర్వాలేదు, రెండేళ్లు మాత్రం ఎంచుకున్న వృత్తికి దగ్గరిదై ఉండాలి. అతనికి మిగిలింది ఏడాది తొమ్మిది నెలలు.

ఇప్పుడు పాయింట్ల పట్టిక చూడండి. విదేశీ అనుభవం మూడేళ్లు నిండితే 5, ఐదేళ్లకు 10, ఎనిమిదేళ్లకు 15. కాబట్టి సీఎస్ఈకి 10, ఈసీఈకి 10, ఈఈఈకి 5, మెకానికల్‌కి సున్నా. పక్కపక్క సీట్లలో కూర్చుని పదేళ్ల పాటు ఒకే పని చేసినవాళ్ల మధ్య ఇంత తేడా. న్యాయమా అంటే, నాకు కాదనే అనిపిస్తుంది. పదహారు, పదిహేడేళ్ల వయసులో ఎంసెట్ ర్యాంకు ఇచ్చిన బ్రాంచ్ ముప్పై ఏళ్లు దాటాక కూడా వెంటాడుతోంది. కానీ నియమం అది. దాన్ని ముందే తెలుసుకుంటే కనీసం దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. మేజరా మైనరా అన్నది బ్రాంచ్ పేరు తేల్చదు. మీ మార్కుల మెమోల్లో ఉన్న సబ్జెక్టులు తేలుస్తాయి. ఒకే ఈసీఈ చదివిన ఇద్దరికి, యూనివర్సిటీ, ఎలక్టివ్‌లు వేరైతే, వేర్వేరు ఫలితాలు రావచ్చు. కాబట్టి "మా ఫ్రెండ్‌కి రెండేళ్లే కట్ అయ్యాయి" అన్నది మీకు లెక్క కాదు.

మెకానికల్ అబ్బాయికి ఇంకో చిక్కు ఉంది. ఆర్‌పీఎల్ లెటర్ అతని డిగ్రీ గురించి ఏమీ చెప్పదు. బ్యాచిలర్ డిగ్రీకి వచ్చే 15 పాయింట్లు అడగాలంటే ఆ డిగ్రీకి విడిగా వెటాసెస్ అనే సంస్థ నుంచి అభిప్రాయం తెచ్చుకోవడం మేలు. చాలామందికి ఈ సంగతి ఆఖరి నిమిషంలో తెలిసి పరుగులు పెడతారు.

సీనియర్లకు నాలుగేళ్లు కట్ అయితే కంగారు పడక్కర్లేదు

సీఎస్ఈ చదివి 2008 జూలైలో ఉద్యోగంలో చేరినవాళ్లకు 2024లో లెటర్ వస్తే "ఆఫ్టర్ జూన్ 2012" అని ఉంటుంది. రెండేళ్లు పోవాలి కదా, నాలుగేళ్లు ఎందుకు పోయాయని గాభరా పడతారు. గత పదేళ్లలో రెండేళ్లు అనే దారిలో లెక్కపెడితే వాళ్ల తేదీ 2016కి వచ్చేది. ఎప్పుడైనా నాలుగేళ్లు అనే దారిలో 2012కే పూర్తయింది. ముందు వచ్చిన తేదీ తీసుకున్నారు, అంటే వాళ్లకు మేలే జరిగింది. పైగా పాయింట్లకు ఎలాగూ ఇన్విటేషన్‌కి (వీసాకి దరఖాస్తు పెట్టుకోమని వచ్చే పిలుపుకి) ముందు పదేళ్ల అనుభవాన్నే చూస్తారు. ఆ పదేళ్లూ 2012 తర్వాతివే. 15 పాయింట్లూ నిండుగా వస్తాయి. ఎన్నేళ్లు పోయాయన్నది పట్టించుకోకండి, తేదీ ఎక్కడ పడిందో చూడండి.

"ఎలాగూ కట్ అయ్యేదే కదా" అన్న పొరపాటు

ఇది నేను ఎక్కువసార్లు చూసిన పొరపాటు, ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే. మొదటి రెండేళ్లూ ఎలాగూ పోతాయని విని, కొందరు మొదటి కంపెనీ కాగితాలే పెట్టరు. ఆ కంపెనీ మూతపడి ఉంటుంది, లేదా అక్కడి హెచ్ఆర్ ఫోన్ ఎత్తరు, లేదా నోటీస్ పీరియడ్ గొడవతో మళ్లీ ఆ గడప తొక్కడానికి మనసొప్పదు. "పోయేదే కదా, వదిలేద్దాం" అనుకుంటారు.

పై ఉదాహరణలో సీఎస్ఈ అబ్బాయి నాలుగేళ్లు మొదటి కంపెనీలో, 2018 జూలై నుంచి రెండో కంపెనీలో చేశాడనుకోండి. మొదటి కంపెనీ కాగితాలు పెట్టకపోతే ఏసీఎస్ దృష్టిలో అతని కెరీర్ 2018లో మొదలైంది. రెండేళ్లు అక్కడి నుంచి కోస్తారు. "ఆఫ్టర్ జూన్ 2020" అని వస్తుంది. ఏడేళ్ల తొమ్మిది నెలలు ఉండాల్సినచోట మూడేళ్ల తొమ్మిది నెలలు, 10 పాయింట్లకు బదులు 5. పోయేది పనికిరాని రెండేళ్లు కాదు, పనికొచ్చే నాలుగేళ్లు.

కాగితాలు పెట్టినా సరిగా లేకపోతే ఇదే గతి. లెటర్ చివర కంపెనీల జాబితాలో ఒక పేరు పక్కన ఏళ్లకు బదులు, చాలినన్ని పత్రాలు లేనందున అసెస్ చేయలేదు అనే అర్థంలో ఒక వాక్యం కనిపిస్తే, "ఆఫ్టర్" తేదీ ఉండాల్సిన దానికన్నా ఆలస్యంగా పడిందేమో వెంటనే చూసుకోవాలి. మన కంపెనీలు ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ లెటర్లలో "ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు పనిచేశారు, వారి భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం" అని రెండు వాక్యాలుంటాయి. ఏసీఎస్‌కి అది చాలదు. రోజూ ఏం పని చేశారు, ఫుల్ టైమా కాదా, ఏ దేశంలో చేశారు అన్నవి కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకంతో కావాలి. హెచ్ఆర్ అలా ఇవ్వడానికి ఒప్పుకోకపోతే, మీ పని ఎరిగిన మేనేజర్ చేతనో సహోద్యోగి చేతనో స్టాంప్ పేపర్ మీద నోటరీ అఫిడవిట్ రాయించుకోవచ్చు. దానికి జతగా ఫామ్ 16, పే స్లిప్‌లు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ లాంటివి ఉండాలి. మూతపడిన కంపెనీ విషయంలోనూ ఈ దారి పనికొస్తుంది. పాత టీమ్ లీడ్ నంబర్ ఫోన్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది, వెతకండి.

పని వివరాలు రాసేటప్పుడు మీ హోదా పేరు మీద ఆధారపడకండి. "అసోసియేట్", "టెక్నాలజీ అనలిస్ట్", "సీనియర్ సిస్టమ్స్ ఇంజనీర్" అన్నవి ఒక్కో కంపెనీ లోపలి గ్రేడ్లు. వాటిని బట్టి అక్కడివాళ్లకు ఏమీ తెలియదు. కాగితం మీద కనిపించే పనినే కోడ్‌తో పోల్చి చూస్తారు. ఆంజ్‌స్కోలో ఉన్న వాక్యాలనే ఎత్తి పెడితే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఏ మాడ్యూల్ రాశారో, ఏ డేటాబేస్‌తో పనిచేశారో, మీ మాటల్లో రాయించండి.

చెప్పక తప్పని మాట ఇంకొకటుంది. లేని అనుభవాన్ని కొని పెట్టే అలవాటు మన దగ్గర ఉందని అందరికీ తెలుసు. ఉద్యోగం కోసం పెట్టింది కదా, పీఆర్‌కి కూడా పెడదాం అనుకోకండి. ఆస్ట్రేలియా వీసా నియమాల్లో 4020 అనే ఒక క్లాజ్ ఉంది. తప్పుడు పత్రం పెట్టినట్టు తేలితే వీసా తిరస్కరించడమే కాదు, ఆ క్లాజ్ వర్తించే మరో వీసా మూడేళ్ల పాటు రాకుండా చేయవచ్చు. దరఖాస్తులో ఉన్న భార్యాపిల్లల మీదా అది పడుతుంది.

ఈఓఐలో ఆ ఒక్క తేదీ

లెటర్ వచ్చాక స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ సైట్‌లో ఈఓఐ, అంటే వీసా కావాలని ఆసక్తి తెలిపే ఫారం, వేస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే. ప్రతి ఉద్యోగం ఎంట్రీ దగ్గర, ఇది మీ వృత్తికి సంబంధించినదేనా అని అడుగుతుంది, అవును లేదా కాదు అని చెప్పాలి. అన్నీ ఐటీ ఉద్యోగాలే కదా అని అన్నిటికీ అవును పెట్టేస్తారు. సిస్టం మారు మాట్లాడకుండా మొత్తం తొమ్మిదేళ్లకూ పాయింట్లు వేసేస్తుంది.

నేను దరఖాస్తు పెట్టినప్పుడు నా ఈఓఐ నింపిన కన్సల్టెన్సీ సరిగ్గా ఇదే చేసింది. 5 పాయింట్లు ఎక్కువ కనిపించాయి. ఎందుకో అనుమానం వచ్చి లెటర్ పక్కన పెట్టుకుని చూస్తే, లెక్కలో రాకూడని ఏళ్లు లెక్కలో ఉన్నాయి. అడిగితే "అందరికీ ఇలాగే వేస్తాం సార్" అన్నారు. పట్టుబట్టి మార్పించుకున్నాను. ఆ ఎక్కువ పాయింట్లతోనే ఇన్విటేషన్ వచ్చి ఉంటే, వీసా అధికారి లెక్కలో నా పాయింట్లు ఇన్విటేషన్‌లో ఉన్న సంఖ్య కన్నా తగ్గేవి. తగ్గితే తిరస్కరణే. వేల డాలర్ల వీసా ఫీజు తిరిగి రాదు. కన్సల్టెన్సీ మాట నిజమై ఉండొచ్చు, అందరికీ అలాగే వేస్తూ ఉండొచ్చు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ ఆలోచనే.

ఆ రాత్రి మా జూనియర్‌తో వీడియో కాల్‌లో ఈ పనే చేయించాను. అతని మొదటి కంపెనీ ఎంట్రీ 2014 జూలై నుంచి 2018 జూన్ వరకు ఒకటే ఉంది. దాన్ని రెండుగా విడగొట్టమన్నాను. 2014 జూలై 1 నుంచి 2016 జూన్ 30 వరకు ఒకటి, అక్కడ "కాదు". 2016 జూలై 1 నుంచి ఇంకొకటి, అక్కడ "అవును". లెటర్‌లో "ఆఫ్టర్ జూన్" అంటే జూన్ కలపకూడదు, జూలై ఒకటి నుంచే. "కాదు అని పెడితే అబద్ధం చెప్పినట్టు అవదా అన్నా, నిజంగా పని చేశాను కదా?" అన్నాడు. అవదు. అక్కడి ప్రశ్నను పాయింట్లకు లెక్కించదగ్గ అనుభవమేనా అన్న అర్థంలోనే తీసుకోవాలి. ఉద్యోగం దాచడం లేదు, ఎంట్రీ అక్కడే ఉంది.

ఇప్పటి ఉద్యోగానికి ముగింపు తేదీ ఖాళీగా వదిలేయమన్నాను. అలా వదిలితే నెలలు గడిచేకొద్దీ సిస్టం తనే లెక్క పెంచుతుంది. మార్చిలో ఏడేళ్ల తొమ్మిది నెలలున్న అనుభవానికి జూన్ ఆఖరుతో ఎనిమిదేళ్లు నిండి, 10 కాస్తా 15 అవుతుంది. మధ్యలో కంపెనీ మారితే మాత్రం వెంటనే ఈఓఐ తెరిచి సరిచేయాలి. కొత్త కంపెనీలో చేసే పని వేరైతే మళ్లీ అసెస్‌మెంట్‌కి వెళ్లాల్సి రావచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఏసీఎస్ లెటర్ రెండేళ్లు చెల్లుతుంది, ఇన్విటేషన్ వచ్చే రోజుకి అది బతికి ఉండాలి. ఇన్విటేషన్ వచ్చాక వీసాకి పెట్టడానికి 60 రోజులుంటాయి. 65 పాయింట్లు అర్హతకు కనీసం, ఇన్విటేషన్‌కి హామీ కాదు. అనుభవం దగ్గర పోయిన 5 పాయింట్లు వేరేచోట తెచ్చుకోవచ్చు. ఐఈఎల్‌టీఎస్‌లో అన్ని విభాగాల్లో 7 నుంచి 8కి పెరిగితే 10 పాయింట్లు పెరుగుతాయి. అనువాదకులకు గుర్తింపు ఇచ్చే నాటీ అనే సంస్థ పెట్టే సీసీఎల్ అనే మౌఖిక అనువాద పరీక్ష తెలుగులో పాసైతే 5 వస్తాయి. బీటెక్ మీద ఎంటెక్ ఉన్నా చదువు పాయింట్లు అవే 15, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఏసీఎస్ నియమాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి, దరఖాస్తు పెట్టే రోజున వాళ్ల సైట్‌లో ఉన్న మార్గదర్శకాలే చదవండి. ఫలితం తప్పనిపిస్తే రివ్యూ అడగవచ్చు, దానికి గడువుంటుంది, ఆలస్యం చేయకండి.

భార్య లెటర్ గురించి కూడా చెప్పాలి. భాగస్వామి వయసు 45 లోపు ఉండి, ఇంగ్లీష్ కనీస స్థాయిలో ఉండి, స్కిల్ అసెస్‌మెంట్ సూటబుల్ అయితే 10 పాయింట్లు కలుస్తాయి. ఇక్కడ ఆమెకు అనుభవం ఎన్నేళ్లు మిగిలిందన్న లెక్కే లేదు. సూటబుల్ అన్న ఒక్క మాట చాలు. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన ఆడవాళ్లు "ఇప్పుడు నాకెవరిస్తారు" అని ప్రయత్నమే చేయరు. కంప్యూటర్ సైన్స్ చదివి, ఎప్పుడైనా సరే నాలుగేళ్లు దగ్గరి పని చేసి ఉంటే చాలు, మానేసి పదేళ్లయినా ఆ దారి తెరిచే ఉంటుంది. నాకు తెలిసిన ఒకావిడ 2010 జూలై నుంచి 2014 ఏప్రిల్ వరకు పనిచేసింది. మూడేళ్ల పది నెలలు. 2024లో చూస్తే గత పదేళ్లలో రెండేళ్లు లేవు, మొత్తంలో నాలుగేళ్లు లేవు. రెండంటే రెండు నెలలు తక్కువ. 2020 జూలైకి ముందే పెట్టి ఉంటే, అప్పటికి గత పదేళ్లలో ఆమెకు మూడేళ్ల పది నెలలూ ఉండేవి. అప్పుడు ఆమెకు ఈ మాట చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఈఓఐ సబ్మిట్ చేసేసరికి మాకు ఇక్కడ మెల్‌బోర్న్‌లో తెల్లవారబోతోంది. జూనియర్ లెటర్ మళ్లీ ఒకసారి మొదటి నుంచి చదివాడు. "అన్నా, నాతోపాటు చేరిన వాడొకడు కూకట్‌పల్లిలో ఉంటాడు. మొదటి కంపెనీ కాగితాలు ఎందుకులే అని వదిలేశాడు. వచ్చే వారం అప్లై చేస్తున్నాడు" అన్నాడు. ముందు వాడికి ఫోన్ చెయ్యి, నాతో తర్వాత మాట్లాడొచ్చు అని కాల్ పెట్టేశాను.